కార్డులో అరవై మూడు

మే 6

పుంగనూరు. పొద్దున్నుంచీ మడమలే. ముఖాలు గుర్తుండడం లేదు, మడమలు గుర్తుంటున్నాయి. పగుళ్ళలో ఎర్రమన్ను. గోరువెచ్చటి నీళ్ళతో కడగాలి, తుడవాలి, జెల్ రాయాలి, కాలు పెట్టెలో పెట్టించాలి. పెట్టె మడమ ఎముక గుండా శబ్దం పంపి, ఆ ఎముక ఎంత గట్టిదో ఒక అంకె చెప్తుంది. పగులు లోతైతే చెప్పదు. మళ్ళీ కడుగు.

కడగనిచ్చేవాళ్ళు తక్కువ. నా వైపు కాలు చాపాలంటే వాళ్ళకు ప్రాణం పోయినట్టుంటుంది. "సదువుకున్న బిడ్డవి, నా కాలు పట్టుకుంటావా మే" అని ఒకామె లేచి వెళ్ళిపోయింది. ఇంకొకామె కాలు తీశాక పెట్టెను ముట్టి కళ్ళకద్దుకుంది. తర్వాత నా భుజాన్ని ముట్టి కళ్ళకద్దుకుంది. పాపం అంటకుండా.

నాలుగేళ్ళుగా పీహెచ్‌డీ. నా చోటు ఇదీ — నేల మీద, బకెట్ పక్కన.

మే 7

జెల్ అయిపోయింది. గైడు సార్‌కి ఫోన్ చేస్తే "మేనేజ్ చెయ్ సుధా." దేంతో? కొబ్బరినూనెతోనా?

మే 9

కుప్పం. బస్సు పలమనేరులో ఆగింది, బైరెడ్డిపల్లెలో ఆగింది, ఎవరు చెయ్యెత్తినా ఆగింది. ల్యాబ్‌కు చేరేసరికి నా నడుమే ఒక కేసు.

తలుపు తీయగానే సార్ లేచి నిలబడ్డాడు. నన్ను చూసి కాదు — నాకు తెర చూపించడానికి. తెర మీద గీత. ఎక్కడైనా ఆడవాళ్ళ ఎముక గీత యాభై దాటగానే జారుడుబండలా దిగుతుంది. మా మెట్ట పల్లెల గీత దిగడం లేదు. అరవై, అరవై అయిదు… అట్లే నిలబడింది.

"రాగులు!" అన్నాడు. "రాగులు, ఎండ, కూలిపని. ఇది మామూలు పేపర్ కాదు సుధా."

సార్‌ది ఈ పక్క కాదు. సంగటిని రాగిముద్ద అంటాడు, స్పూనుతో తింటాడు. చేతికి నడక లెక్కపెట్టే గడియారం. అయినా ఆ గీత చూసి నాకూ లోపల ఏదో పొంగింది. అబద్ధం ఎందుకు. ఎవరూ ఏనాడూ మా వాళ్ళను చూసి "మీరు గట్టివాళ్ళు" అనలేదు. ఒక గీత అంది.

తిరుగు బస్సులో అనుకున్నది — ఎముకను రాయి అనుకుంటారు అందరూ. రాయి కాదు, అది మండీ. ఒక జట్టు రోజంతా దించుతూ ఉంటుంది, ఇంకో జట్టు ఎత్తుతూ ఉంటుంది. పాత ఎముకను కరిగించేవాళ్ళు, కొత్తది కట్టేవాళ్ళు. ఆడదాని ఒంట్లో ఈ రెండు జట్లకీ మేస్త్రి ఈస్ట్రోజన్. ముట్టు ఆగిపోతే మేస్త్రి లేడు. దించే జట్టుకు అడ్డు లేదు. మండీ ఖాళీ అవుతుంది. మరి మా పల్లెల్లో మేస్త్రి పోయినా జట్లు బుద్ధిగా పని చేస్తున్నాయా? సంగటి తిన్నందుకా?

నమ్మాలని ఉంది.

మే 12

మదనపల్లె. ఇల్లు. రేపు నిమ్మనపల్లె పోవాలని పెట్టె ఇంటికి తెచ్చాను. అమ్మ టమోటా మండీ నుంచి వచ్చింది, చేతులు మోచేతుల దాకా పచ్చనలుపు. పండ్లు ఏరే ఆడవాళ్ళందరికీ అదే గోరింటాకు.

"ఊర్లోవాళ్ళ కాళ్ళన్నీ సూస్తివి. నాది పనికిరాదా?"

చూశాను. రూలు ప్రకారం — వయసు కార్డు చూసి వేయాలి, నోటిమాట వద్దు. అరవై మూడు అని కొట్టాను. నాన్న మంచం మీంచి నవ్వాడు. కార్డులో నాన్నకు యాభై నాలుగు. మూడేళ్ళ కిందట పింఛను కోసం ఎవడో పుణ్యాత్ముడు అమ్మను ఒక్కరోజులో అరవైకి చేర్చాడు. అమ్మ బడి మొహం చూడలేదు, కాబట్టి ఏ వయసైనా సరిపోతుంది. నాన్నకు లైసెన్సు ఉంది, టమోటా లారీ తోలతాడు, తప్పించుకోలేక చిన్నోడిగానే ఉండిపోయాడు.

"మీ నాయనకు నేను అక్కనయితిని పాపా" అంటుంది అమ్మ. ఇంట్లో పాత జోకు.

పెట్టె అంది: వయసుకు తగ్గట్టే.

"అంటే బాగుండానా?"

"బాగుండావు."

పెట్టె ఇచ్చిన కాయితం తీసుకుపోయి అద్దం చట్రంలో దోపింది. బొట్టు పెట్టుకునేటప్పుడు కనపడేట్టు.

మే 20

పుంగనూరు. ఇది ఈరోజే రాయాలి.

ఖాజాబీ. బీడీలు చుట్టిన వేళ్ళు, పెద్ద గొంతు, అందరి కంటే ముందు కాలు చాపేది ఆమే — "కడుగు బేటీ, మా కోడలు కడగదు, నువ్వన్నా కడుగు." కార్డులో అరవై ఆరు. ప్రశ్నల్లో ఒకటుంటుంది, ముట్టు ఆగి ఎన్నాళ్ళయిందని. ఎవరూ సరిగ్గా చెప్పరు, నేనూ గట్టిగా అడగను, ఆ గడిలో అడ్డగీత పెట్టి వదిలేస్తాను. ఈరోజు అడిగాను.

"పోయిన రంజాన్ కాదు, దాని ముందు రంజాన్. ఆ ఏడు ఉపవాసాల్లో కూడా వచ్చె."

"అరవై దాటినాకనా?"

నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టింది. ఆపలేదు. "అరే అల్లా… ఆ వయసు నాది కాదు బేటీ. పింఛనుది."

వరసలో కూర్చున్నవాళ్ళంతా అందుకున్నారు.

"నాకు పదేండ్లు ఎక్కువేసినారు."

"నాకు యా పన్నెండో."

"లచ్చుమమ్మకు తగ్గించినారు మే, సంఘం లోనుకు ముసిలోళ్ళు పనికిరారంట."

"లోనుకు గాదులే, మొగుడికి పడుసుగా కనపడాలని!"

నవ్వులు. నేనూ నవ్వాను. బకెట్ పక్కన కూర్చుని నవ్వుతూ నవ్వుతూ ఉండగా లోపల గీత విరిగింది.

యాభై దాటీ దాటని ఎముకను అరవై ఆరు దగ్గర నిలబెట్టాం. గట్టిగా ఉండక ఏం చేస్తుంది? సంగటి కాదు, ఎండ కాదు. మేం వయసును కొలిచామనుకున్నాం. బడికి పోయిన ఆడదానికే నిజం వయసు. పోనిదానికి ఎవరు ఏది రాస్తే అది. ఈ సంగతి ఇక్కడ పుట్టిన నాకు తెలీదా? తెలుసు. మా ఇంట్లో జోకు అది. జోకును లెక్కలోకి తీసుకోవాలని తట్టలేదు, అంతే.

మే 21

అమ్మ.

నిన్న గీత గురించే ఆలోచించాను. అమ్మ గురించి ఈరోజు పొద్దున, అద్దం ముందు. కాయితం ఇంకా అక్కడే ఉంది.

నేను పుట్టినప్పుడు అమ్మకు ఇరవై అని అవ్వ అంటుండేది. నాకు ఇరవై ఎనిమిది. ఒకటో తరగతి కూడిక. నలభై ఎనిమిదేళ్ళ మనిషికి అరవై మూడేళ్ళ ఎముక ఉంటే పెట్టె దాన్ని "తగ్గట్టే" అంది. నేను దాన్ని "బాగుండావు" అన్నాను. అమ్మ దాన్ని అద్దంలో పెట్టుకుంది.

ఎముక ఎందుకు అంత ముందే పోయింది? అదీ తట్టింది, బస్సు కోసం నిలబడినప్పుడు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మకు గర్భసంచి తీసేశారు. కడుపునొప్పి అని పోయింది, తీసేసి పంపారు. మా వీధిలో సగం మందికి అట్లే. ఆ తర్వాత సెగలు. చలికాలంలో కూడా పైట తీసేసి ఫ్యాను కింద. "ఒంట్లో ఎవరో పొయ్యి పెట్టినారు పాపా." సంచి ఒక్కటే తీస్తే ఆ సెగలు అప్పటికప్పుడు రావు. పక్కనున్న అండాశయాలూ తీసేసి ఉంటారు. చెప్పలేదు. చీటీ లేదు. మచ్చ ఉంది.

ఇరవై ఎనిమిదేళ్ళకు మేస్త్రిని పంపించేశారు. ఇప్పుడు నాకున్న వయసు.

మే 22

పెద్ద స్కాన్ తీయిద్దామన్నాను. "నువ్వే గదా బాగుండానంటివి" అంది. సీజన్ ముగిసినాక చూద్దామంట.

జూన్ 1

పింఛను రోజు. సచివాలయం పిల్లోడు ఇంటికొచ్చాడు. అమ్మ వేలు పెట్టింది, పడలేదు. టమోటా రసానికి వేలిగీతలు చెరిగిపోయాయి. చీర కొంగుతో తుడిచి మళ్ళీ. పడింది. "నీ అవ్వ లాంటిదాన్ని, రోజూ వచ్చి సూసిపో" అని వాడితో ఎకసెక్కాలు.

దుడ్లు లోపల డబ్బాలో పెట్టుకునేటప్పుడు ఆమె ముఖం చూశాను. ఈ ముఖం ముప్పయ్యో తారీకు ఉండదు.

జూన్ 4

మధ్యాహ్నం ఫోన్. మండీ నుంచి. అమ్మ నిండు క్రేటు ఎత్తబోయి అట్లే కూర్చుండిపోయిందంట. కింద పడలేదు, దెబ్బ తగల్లేదు. "నడుములో కటుక్కుమనింది, అంతే. అందరూ ఎత్తేదే గదా." లారీలోనే పడుకోబెట్టి నాన్న ఇంటికి తెచ్చాడు. గుంతల్లో ఎగిరినప్పుడల్లా అరిచిందంట. అమ్మ అరవడం నేను వినలేదెప్పుడూ.

జూన్ 5

ఎముకల డాక్టరు. ఎక్స్‌రే వెలుతురుకు పట్టుకున్నాడు. నడుములో ఒక పూస ముందువైపు నలిగిపోయి ఉంది, కాలికింద పడ్డ అగ్గిపెట్టెలా.

అమ్మ ముఖం చూడలేదు. కాయితం మీద వయసు చూశాడు.

"అరవై మూడు కదమ్మా. ఈ వయసుకు ఇది మామూలే. బరువులెత్తకండి. కాల్షియం రాస్తున్నా."

"సార్, నిజానికి మా అమ్మకు…"

బల్లకింద అమ్మ నా తొడ గిచ్చింది. గోరు దిగేట్టు.

బయటికొచ్చాక: "యాల గిచ్చినావు?"

"నోరు మూసుకో. ఆ కాంపౌండరోడు మన వీధోడు. సందేళకు సచివాలయానికి ఎక్కిస్తాడు."

అరవై మూడుకు మామూలే. నలభై ఎనిమిదికి మామూలు కాదు — ఎందుకిట్లా అయిందని వెతకాలి, మిగతా పూసలు నలగకముందే మందు పెట్టాలి. ఒక మాట చెప్తే చాలు. ఆ మాట చెప్తే పింఛను పోతుంది. మా ఇంటి బాధ ఇంతే, ఒక మాట వెడల్పు.

జూన్ 6

అద్దంలోని కాయితం చింపేశాను. "యాల చింపితివి?" అని కూడా అమ్మ అడగలేదు.

జూన్ 9

కుప్పం. సార్‌కు చెప్పాను. అంతా. ఖాజాబీ, వరసలో ఆడవాళ్ళు, పెంచిన వయసులు. మా అమ్మ సంగతి తప్ప.

విన్నాడు. గడియారం చూసుకున్నాడు. "ఎంతమందివి తప్పు?"

"తెలీదు సార్."

"తెలీనప్పుడు అది సైన్స్ కాదు సుధా. చెట్టుకింద కబుర్లు."

"ముట్టు ఎప్పుడు ఆగిందో వాళ్ళే చెప్తున్నారు కదా సార్, దాన్ని బట్టి…"

"కార్డు ఉండగా, నోటిమాట నమ్మమంటావా?"

తన ఒంట్లో జరిగింది తను చెప్తే నోటిమాట. ఎవడో కంప్యూటర్ ముందు కూర్చుని కొట్టింది రుజువు.

తర్వాత ఆయనే మెత్తబడ్డాడు. "నీకంత అనుమానంగా ఉంటే ఒక పని చేద్దాం. పేర్ల లిస్టు సచివాలయాలకు పంపుదాం. వయసులు వాళ్ళే వెరిఫై చేసి పంపుతారు."

బెదిరింపు కాదది. అదే నా భయం. నిజంగానే మంచి ఉపాయం అనుకుంటున్నాడు. ఆ లిస్టు పోతే పుంగనూరులో నేను కాళ్ళు కడిగిన ప్రతి ఆడదాని పింఛనూ పోతుంది. కార్డు చూపించమని అడిగింది నేను. వాళ్ళు నవ్వుతూ నిజం చెప్పింది నాకు.

"వద్దు సార్."

"మరి?" నవ్వాడు. "నెలాఖరుకు పేపర్ పంపాలి. నీ పేరు రెండోది. చదివి, ఓకే అని మెయిల్ పెట్టు."

రెండో పేరు. నాలుగేళ్ళు దానికోసమే.

జూన్ 10

ఓకే. రెండక్షరాలు. కొట్టాను. చెరిపాను.

జూన్ 13

ఇంట్లో గొడవ. నేనే మొదలుపెట్టాను. కుప్పంలో పెద్ద స్కాన్ తీయిద్దాం, డాక్టరుకు అసలు వయసు చెప్పి మందు రాయించుకుందాం, పింఛను పోతే పోనీ అన్నాను. నాన్న నా పక్కే.

"పోనీలేమ్మే. అది లేకుంటే తిండి లేదా? నేను తోల్తాండా గదా."

అమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. నడుముకు బెల్టు. నాన్న వైపు చూడకుండా, నా వైపే చూస్తూ —

"మండీ కూలి మీ నాయన చేతికిస్తారు. రేషను మీ నాయన పేరు. ఈ ఇల్లు మీ నాయన పేరు. నీ సదువుకు బ్యాంకోళ్ళు మీ నాయన సంతకమే అడిగిరి. నెలకొగసారి తలుపు కొట్టి నన్ను పేరు పెట్టి పిలిసేది ఆ పిల్లోడొగడే. అదిగూడా తీసేయమంటావా?"

నాన్న లేచి లారీ దగ్గరికి పోయాడు.

"నడుము పోతుందిమా" అన్నాను.

"పోనీ. అది యాడికిబోతాది, నాతోనే గదా."

చదువుకున్నదాన్ని. ఎముక ఎట్లా కరుగుతుందో కణం కణం చెప్పగలను. లేచి ఆమె బెల్టు సరిచేశాను.

జూన్ 17

దారి దొరికింది అనుకుంటా.

వయసును తీసేశాను. మొత్తం ఆ వరసనే. దాని చోట ముట్టు ఆగినప్పట్నుంచీ గడిచిన కాలం పెట్టాను. ఆ గడిలో అడ్డగీత పెట్టి వదిలేసినవాళ్ళ దగ్గరికి మళ్ళీ పోయాను, వారమంతా — ఉగాదులు, రంజాన్లు, మనవడు పుట్టిన ఏడు, బోరు ఎండిన ఏడు… దేన్నో ఒకదాన్ని పట్టుకుని చెప్పారు. సంచి తీసేసినవాళ్ళను విడిగా పెట్టాను. ఎవరి కార్డూ అక్కర్లేదు. ఎవరి పింఛనుకూ ఏమీ కాదు.

గీత గీశాను. దిగింది. నిక్కచ్చిగా, అందరి గీతలాగే, ఏ మొహమాటమూ లేకుండా దిగింది. సంచి తీసేసినవాళ్ళది ఇంకా ముందు, ఇంకా నిటారుగా. ఆ చుక్కల్లో ఒక చుక్క అమ్మది అయ్యుండేది. మండీలో కూర్చుని టమోటాలు ఏరుతూ అక్కడిదాకా దిగిపోయింది. ఎవరూ చూడలేదు.

సార్‌కు పంపాను.

జూన్ 18

సార్ జవాబు. వాయిస్ మెసేజ్. వెనక ఎవరో టీ తాగుతున్న చప్పుడు.

"బాగా చేశావు సుధా. కానీ ఇది అందరికీ తెలిసిందే కదా? ముట్టు ఆగితే ఎముక తగ్గుతుందని పాఠాల్లోనే ఉంది. మన ఆడవాళ్ళు ప్రత్యేకం అని చెప్పగలిగితేనే పేపర్. పాతదే పంపుదాం. ఓకే చెప్పు."

ప్రత్యేకం. మా వాళ్ళు అద్భుతంగా ఉంటే అచ్చేస్తారు. అందరిలాగే అరిగిపోతుంటే — తెలిసిందే కదా. రేపు ఎవడో ఈ పేపర్ చదివి, సంగటి తినే ఆడవాళ్ళకు ఎముకల మందులు అవసరం లేదంటాడు. ఆస్పత్రిలో కాయితం చూసి "మీకేం, గట్టి ఎముకలు" అంటాడు. ఆ మాట కింద నా పేరు ఉంటుంది. రెండోది.

జూన్ 20

పుంగనూరు బస్టాండులో ఖాజాబీ పట్టుకుంది. చేతిలో మందుల సంచి. నవ్వు లేదు.

"బేటీ, మా వయసు సంగతి యాడా చెప్పలేదు కదా?"

"లేదు."

"మా ఎముకలు బాగుండాయని పేపర్లో వేస్తారంట? మీ సారు మనిషి చెప్పె."

"…ఇంకా తెలీదు."

"వేయనీలే. ఏదో ఒకటన్నా బాగుండాదని వేయనీ." బస్సెక్కుతూ మోకాలు పట్టుకుంది.

జూన్ 24

కుప్పం. అమ్మను తీసుకుపోయాను. "మండీకి ఎట్లా పోలేను, నీ ఆస్పత్రన్నా సూద్దాం" అని వచ్చింది, వయసు మాట ఎత్తనని ఒట్టు వేయించుకుని. బస్సు ఎగిరినప్పుడల్లా ముందు సీటు కమ్మీని పట్టుకుని పైకి లేచేది.

స్కాన్ గదిలో కార్డు నంబరు కొట్టారు, అరవై మూడు దానంతటదే పడింది. స్కాన్ చేసిన అమ్మాయి అంది — "మరీ తక్కువుంది, కానీ పెద్దవయసు కదా అక్కా." మళ్ళీ అదే పాట.

లోపల డాక్టరమ్మ. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. కాయితం చూసింది. తర్వాత — ఇది రాసుకోవాలి — కాయితం బల్ల మీద పెట్టి అమ్మను చూసింది. ముఖం. మెడ. చేతులు. జుట్టు.

"నిజంగా ఎంతమ్మా మీ వయసు?"

నేను పెదవి కదపలేదు. ఒట్టు. అమ్మ తలుపు వైపు చూసింది. "అది ఏయండి ముందు."

వేశారు.

"యా వయసు జెప్పాల? పింఛనుదా, నాదా?"

డాక్టరమ్మ నవ్వింది. నవ్వు సగంలో ఆగింది. "మీదే చెప్పండి."

"నలభై ఎనిమిదో, తొమ్మిదో. మా అత్త చెప్తాండె. ఆమె గూడా పాయె."

పెన్ను పక్కన పెట్టింది డాక్టరమ్మ. అమ్మతోనే మాట్లాడింది, నాతో కాదు. "నలభై ఎనిమిదైతే నేను కాల్షియం ఇచ్చి పంపనమ్మా. రక్తపరీక్షలు చేయించాలి, ఎందుకిట్లా అయిందో చూడాలి, మందు వేరే, ఎన్నేళ్ళు వాడాలన్న లెక్క వేరే. అరవై మూడైతే ఇంకో దారి. తప్పు వయసుకు మందు రాయలేను."

"రాయండి మరి నలభై ఎనిమిదని. ఎవురికీ సెప్పొద్దు."

"రాసింది కంప్యూటర్లోకి పోతుంది. మీ కార్డుతో కలవకపోతే పైనుంచి అడుగుతారు. అడిగితే నేను అబద్ధం చెప్పను."

డాక్టరమ్మ చీటీ మీద అన్నీ నింపింది, వయసు గడి తప్ప. నా చేతికిచ్చింది. "ఇంట్లో మాట్లాడుకోండి. ఏదో ఒకటి రాసి తీసుకురండి. ఆలస్యం చేయొద్దు, ఇంకో పూస దిగబడటానికి బరువు కూడా ఎత్తక్కర్లేదు. గట్టిగా తుమ్మినా చాలు."

తిరుగు బస్సులో, వీ.కోట దాటాక, అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ —

"ఆయమ్మ మంచిది. నా మొగం సూసి అడిగింది. ఇన్ని రోజులూ ఎవురూ మొగం సూడలే."

నేను చీటీ మడత పెట్టి చేతిసంచిలో పెట్టాను.

"నువ్వుగూడా కాలే సూసినావు గదా పాపా."

తిట్టలేదు. చెప్పింది, అంతే. తిట్టుంటే బాగుండేది.

జూన్ 25

అమ్మకు జలుబు. తుమ్ము వచ్చినప్పుడల్లా గోడను పట్టుకుంటుంది. నేను వంటింట్లోంచి పరిగెత్తి వస్తాను. వచ్చి ఏం చేస్తాను? నిలబడతాను.

జూన్ 28

సార్ మెయిల్: రేపటిలోగా ఓకే రాకపోతే నీ పేరు లేకుండా పంపేస్తాను, తప్పుగా అనుకోవద్దు.

అనుకోను. నా పేరు తీసేస్తే గీత నిజమైపోదు. ఉంచితే అబద్ధంలో నాకూ ఒక భాగం. నా గీత పట్టుకుని వేరే ఎక్కడికైనా పంపాలంటే — పెట్టె సార్‌ది, కాయితాలు సార్‌వి, గైడూ సారే. తప్పు ఎక్కడుందో గట్టిగా చెప్పాలంటే రుజువు అడుగుతారు. రుజువు అంటే ఖాజాబీ. రుజువు అంటే అమ్మ.

చీటీ బల్ల మీద. పెన్ను దాని మీద. నలభై ఎనిమిది అని రాస్తే ఒకటో తారీకు తలుపు ఎన్నాళ్ళు మోగుతుందో తెలీదు. అరవై మూడు అని రాస్తే… అది ఇంతకుముందు ఒకసారి రాశాను నేను. పెట్టెలో, రూలు ప్రకారం.

వంటింట్లో అమ్మ. బెల్టు కట్టుకుని, పొయ్యి ముందు పక్కకు తిరిగి నిలబడి సంగటి గెలుకుతోంది. వద్దంటే వినదు. కట్టె ఇమ్మంటే ఇవ్వదు — "నీకు ఉండలు కడతాది, పో."

గెలకడం ఆగింది.

"ఏం రాస్తివి?"

"ఇంకా రాయలే."

"యాదో ఒగటి రాయి పాపా. నువ్వు యాది రాసినా మోసేది నేనే గదా."